సెలైన్‌లో తడిసిన వెండి

2019 జూలై మొదటి వారంలో మా ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీ నాకొక పని అప్పగించింది. పుండ్ల మీద వేసే నానో వెండి డ్రెస్సింగ్ ఒకటి మార్కెట్లోకి వచ్చింది, అది పనికొస్తుందో లేదో పరీక్షించి, పనికొస్తే వాడే పద్ధతి కూడా రాసి ఇవ్వాలి. అప్పటికి ఎల్‌బీ నగర్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో నేను పదకొండేళ్లుగా ఉన్నాను. హోదా సీనియర్ కన్సల్టెంట్ మైక్రోబయాలజిస్టు. కూర్చునేది సెల్లార్‌లో, జనరేటర్ గది పక్కన.

మైక్రోబయాలజిస్టు ఏం చేస్తారని వనస్థలిపురంలో మా కాలనీవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. మేము రోగిని చూసే డాక్టర్లం కాదు. రోగి నుంచి తీసిన రక్తం, చీము, కండ ముక్క మా దగ్గరికి వస్తాయి. వాటిలోని బ్యాక్టీరియాను గాజు పళ్లెంలో పెంచి, అదేమిటో గుర్తించి, ఏ మందుకు చస్తుందో ఏ మందుకు చావదో రాసి పైకి పంపుతాం. పెంచడాన్ని కల్చర్ అంటారు. మందుల జాబితాను సెన్సిటివిటీ అంటారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ జాబితాలో ‘లొంగుతుంది’ అని రాసే మందులు పదీ పన్నెండూ ఉండేవి. 2019 నాటికి కొన్ని రిపోర్టుల్లో ఒక్కటి మిగిలేది. ఒక్కోసారి అదీ ఉండేది కాదు.

అందుకే వెండి గురించి నాకు ఆసక్తి ఉండేది. అనుమానం కూడా ఉండేది. ఆ రోజుల్లో నానో అన్న మాట దేనికిబడితే దానికి తగిలించేవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ కింద నానో వెండి మేజోళ్లు, నానో వెండి నీళ్ల సీసాలు అమ్మేవాళ్లు. అసలు సంగతి మాత్రం గట్టిదే. వెండి గొలుసు తీసి పుండు మీద పెడితే ఏమీ జరగదు. అదే వెండిని మామూలు మైక్రోస్కోపుకు కూడా అందనంత చిన్న రేణువులుగా చేస్తే, ఆ రేణువులన్నిటి ఉపరితలం కలిపి చాలా పెద్దదవుతుంది. తడి తగలగానే వాటి నుంచి వెండి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న వెండి కణాలు, బయటికి వస్తాయి. బ్యాక్టీరియాను చంపేవి అవే. యాంటీబయాటిక్ సాధారణంగా బ్యాక్టీరియాను ఒకచోట దెబ్బ కొడుతుంది. వెండి దాని పైగోడనూ, లోపలి ఎంజైములనూ, డీఎన్ఏనూ ఒకేసారి పట్టుకుంటుంది. మందులన్నిటికీ అలవాటుపడిపోయిన బ్యాక్టీరియా కూడా దీనికి లొంగే అవకాశం ఉంది.

నేను పరీక్ష మొదలుపెట్టిన వారంలోనే మూడో అంతస్తులోని సర్జికల్ వార్డులో సత్తెమ్మ చేరింది.

సత్తెమ్మ సిటీ బస్సు కండక్టరు. నల్గొండ పక్క పల్లెటూరి నుంచి వచ్చి అల్మాస్‌గూడలో కిరాయికి ఉండేది. వయసు నలభై నాలుగు. ఎనిమిదేళ్లుగా షుగరు. కొత్త చెప్పు కుడిపాదాన్ని కరిచింది. షుగరు వల్ల పాదానికి స్పర్శ తగ్గి ఆ సంగతి ఆమెకు తెలియలేదు. తెలిసేసరికి రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఆ వేళ్లు తీసేశారు, కానీ మిగిలిన పుండు మానలేదు. దానిలోంచి తీసిన కండ ముక్క నా దగ్గరికి వచ్చింది. పళ్లెం మీద పెరిగింది సూడోమోనాస్. ఆకుపచ్చ రంగు, పండిన ద్రాక్షలాంటి వాసన. వాసన బాగుంటుంది, బ్యాక్టీరియా మాత్రం చాలా మొండిది. రిపోర్టులో ఒక్క కోలిస్టిన్ తప్ప అన్నిటికీ ‘లొంగదు’ అనే రాశాను. కోలిస్టిన్ ఆఖరి మందు, కిడ్నీల మీద దెబ్బ తీస్తుంది. ఐదో రోజుకే ఆమె రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. మందు ఆపేయాల్సి వచ్చింది.

ఆమెను చూస్తున్న సర్జన్ డాక్టర్ శేషగిరిది గుంటూరు ప్రాంతం. నాకంటే ఆరేళ్లు చిన్న. చెయ్యి మంచిది, మాట తక్కువ. ఆయన సెల్లార్‌లోకి దిగి రావడం అదే మొదటిసారి. ఎక్స్‌రేలో ఎముకకు ఇంకా సోకలేదని, కాలికి రక్తప్రసారం బాగానే ఉందని, అయినా బ్యాక్టీరియా తగ్గకపోతే మోకాలి కింద నుంచి కాలు తీయక తప్పదని చెప్పారు. నేను పరీక్షిస్తున్న డ్రెస్సింగ్ ఈమెకు పనికొస్తుందా అని అడిగారు.

సత్తెమ్మ నుంచి తీసిన బ్యాక్టీరియానే పళ్లెం నిండా పరిచాను. డ్రెస్సింగ్ నుంచి చిన్న ముక్కలు కత్తిరించి, తడిపి దాని మీద పెట్టాను. మర్నాడు చూస్తే ముక్క కిందా, చుట్టూ ఆకుపచ్చ లేదు. శుభ్రంగా ఉంది. మరో రెండుసార్లు చేశాను, అదే ఫలితం. డ్రెస్సింగ్ పనికొస్తుందని రిపోర్టు రాశాను. దానితో పాటు వార్డుకోసం ఇంగ్లీషులో ఒక పేజీ పద్ధతి రాశాను. పుండు శుభ్రం చేయాలి, డ్రెస్సింగ్‌ను తడిపి వేయాలి, తడి ఆరకుండా చూడాలి, మూడు రోజులకొకసారి మార్చాలి. సంతకం పెట్టి పంపాను. నాకు నా పని మీద నమ్మకం ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆ నమ్మకంతోనే ఆ పేజీని రెండోసారి చదవలేదు.

బుధవారం మొదటి డ్రెస్సింగ్ వేశారు. ఆరో రోజు, సోమవారం, పుండు నుంచి మళ్లీ తీసిన ముక్క కల్చర్ ఫలితం చూశాను. పళ్లెమంతా ఆకుపచ్చ. మొదటి రోజుకీ దీనికీ తేడా లేదు. ఫోన్ చేసి చెబితే శేషగిరి గారు ఎదురు ప్రశ్న వేయలేదు. బుధవారం ఉదయం పదకొండింటికి ఆపరేషన్ పెట్టానని మాత్రం అన్నారు.

ఆ మధ్యాహ్నం డ్రెస్సింగ్ కంపెనీ ప్రతినిధి వచ్చాడు. సంగతి వినగానే, బ్యాక్టీరియా వెండికి కూడా అలవాటుపడిపోయి ఉంటుందని, తమ దగ్గర ఇంకా ఎక్కువ వెండి ఉన్న రకం ఉందని అన్నాడు. కొన్ని బ్యాక్టీరియాలు వెండిని తట్టుకోవడం నేర్చుకున్న మాట నిజమే. కానీ అది ఊహించి చెప్పే విషయం కాదు. పరీక్షించవచ్చు. ఆరో రోజు పుండు నుంచి వచ్చిన బ్యాక్టీరియాను తీసుకుని, అదే డబ్బాలోని డ్రెస్సింగ్ ముక్కతో అదే పరీక్ష మళ్లీ పెట్టాను.

మంగళవారం ఉదయం చూస్తే, ముక్క చుట్టూ మళ్లీ శుభ్రంగా ఉంది. బ్యాక్టీరియా మారలేదు, డ్రెస్సింగ్ మారలేదు. నా బల్ల మీద చస్తున్నది పైన మంచం మీద చావడం లేదు. అంటే తేడా ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. డ్రెస్సింగ్ మార్చే సమయం పది గంటలని కనుక్కుని మూడో అంతస్తుకు వెళ్లాను.

సుజాత ఆ వార్డులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న స్టాఫ్ నర్సు. ఆమెదీ నల్గొండ జిల్లానే. పుండ్లకు కట్టు కట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ ఆసుపత్రిలో లేరని సర్జన్లే అనేవాళ్లు. నేను గోడవారన నిలబడి చూశాను. చేతులు కడుక్కోవడం, గ్లవ్స్, పాత కట్టు విప్పడం, పుండు శుభ్రం చేయడం, ఏదీ తప్పుపట్టడానికి లేదు. కొత్త డ్రెస్సింగ్ కవరు చింపి స్టీలు ట్రేలో పెట్టింది. పక్కన వేలాడుతున్న సెలైన్ సీసా తీసి, డ్రెస్సింగ్ మునిగేలా పోసింది. పది నిమిషాలు నాననిచ్చింది. తీసి పుండు మీద పరిచి, తడి ఆరకుండా పైన మళ్లీ సెలైన్ పోసింది. అలా రోజుకు ఎన్నిసార్లు పోస్తారని అడిగాను. మూడుసార్లు అంది.

నాకు అక్కడే అర్థమైంది. సెలైన్ అంటే ఉప్పునీళ్లు. ఉప్పులో క్లోరైడ్ ఉంటుంది. వెండి అయాన్‌కు క్లోరైడ్ తగిలితే రెండూ కలిసి నీళ్లలో కరగని తెల్లటి పొడిగా మారిపోతాయి. ఇంటర్ పిల్లలు కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేసే ప్రయోగమే ఇది. పుండులో ఊరే రసంలో కూడా ఉప్పు ఉంటుంది, అందుకే తయారీదారులు వెండిని నిల్వగా ఎక్కువ పెడతారు. ఆ నిల్వ మూడు రోజులు తట్టుకునేటట్టు ఉంటుంది. ముందే ఉప్పునీళ్లలో నానబెట్టి, పైన రోజుకు మూడుసార్లు పోస్తూ ఉంటే ఇక పుండు దాకా చేరేది ఏముంటుంది? నేను ల్యాబ్‌లో తడిపింది స్టెరైల్ వాటర్‌తో. అంటే శుద్ధి చేసిన, ఉప్పులేని నీళ్లతో. ల్యాబ్‌లో మా చేతికి అందే నీళ్లు అవే.

సుజాతను వరండాలోకి పిలిచి, సెలైన్ ఎందుకు వాడారని అడిగాను. నా గొంతులో కొంత కరుకు ఉండే ఉంటుంది. ఆమె నర్సింగ్ స్టేషన్‌లోకి పోయి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకు అంటించిన నా పేజీని తీసుకొచ్చి నా ముందు పెట్టింది.

“మీరు రాసిన కాగితంల తడిపి వెయ్యాలె అని ఉంది మేడం. దేంతోని తడపాల్నో రాయలే. మా వార్డుల తడపమంటే సెలైనే. నేను చేరిన కాడ్నుంచి గదే పోస్తున్నం.”

ఆమె కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. పేజీ చదివాను. ‘డ్రెస్సింగ్‌ను తడిపి వేయాలి.’ అంతే ఉంది. కంపెనీ ఇచ్చే సూచనల కాగితంలో సెలైన్ వాడవద్దని ఉంది, కానీ అది పెద్ద డబ్బాలో ఒక్కటే ఉంటుంది. డబ్బా స్టోరులో ఉండిపోతుంది, వార్డుకు విడి కవర్లు మాత్రమే వస్తాయి. ఆ కాగితాన్ని నేను చదివాను. చదివి కూడా రాయలేదు. ఎందుకంటే నాకు అది రాయాల్సిన విషయంగా తోచలేదు.

తప్పు నాదేనని సుజాతతో అక్కడే చెప్పాను. తర్వాత శేషగిరి గారి గదికి వెళ్లాను. విషయం చెప్పి, ఆపరేషన్ నాలుగు రోజులు వాయిదా వేయమన్నాను.

“మీరు చెప్పేది కరెక్టే కావచ్చండీ,” అన్నారు ఆయన. “తప్పయితే మాత్రం ఈసారి మోకాలి కింద కాదు, పైన తియ్యాల్సొస్తుంది. ఆ సంతకం పెట్టేది నేను. ఊహ మీద ఆపలేను. రేపు పొద్దున తొమ్మిదిలోపల నాకు ఏదైనా చూపించండి.”

ఆయన అడిగింది న్యాయమే. కిందికి వచ్చి ఒకే డ్రెస్సింగ్ నుంచి రెండు ముక్కలు కత్తిరించాను. ఒకటి స్టెరైల్ వాటర్‌లో, ఇంకొకటి సెలైన్‌లో. వార్డులో చేసినట్టే సెలైన్ ముక్క మీద సాయంత్రం దాకా మరో మూడుసార్లు సెలైన్ పోశాను. రెండో ముక్కకు అన్నిసార్లూ నీళ్లే పోశాను. ఐదున్నరకు రెంటినీ సత్తెమ్మ బ్యాక్టీరియా పరిచిన రెండు పళ్లేల మీద పెట్టి ఇంక్యుబేటర్‌లో ఉంచాను. బ్యాక్టీరియా పెరగడానికి దాని సమయం దానికి కావాలి. తొందరపెట్టడానికి ఎవరి వల్లా కాదు.

బుధవారం ఎనిమిదిన్నరకు ఇంక్యుబేటర్ తలుపు తీశాను. నీళ్లలో తడిపిన ముక్క చుట్టూ ఖాళీ. సెలైన్ ముక్క అంచుల దాకా ఆకుపచ్చ పెరిగి ఉంది. ముక్కను ఎత్తి చూస్తే కిందా ఉంది. ఫోటో తీసి పంపలేదు. ఫోన్ చేసి రమ్మన్నాను. శేషగిరి గారు వచ్చి రెండు పళ్లేలనూ బల్ల మీది దీపం వెలుతురులో పెట్టి, వాటి వెనక నేను రాసిన గుర్తులు చూసి, ఏది ఏదో నన్ను అడిగి నిర్ధారించుకున్నారు.

“నాలుగు రోజులు,” అన్నారు. “కానీ మూడు షరతులండి. ముందు నేను పుండంతా గీకి శుభ్రం చేస్తాను.” సూడోమోనాస్ పుండు మీద జిగురులాంటి పొర అల్లుకుని దాని కింద దాక్కుంటుంది. ఆ పొరను కత్తితో తీయకపోతే ఏ వెండీ లోపలికి పోదు. ఆయన చెప్పింది నేనే చెప్పాల్సింది. రెండోది, కాలి మీద ఎరుపు ఎంతవరకు ఉందో అక్కడ పెన్నుతో గీత గీస్తారు. ఎరుపు ఆ గీత దాటితే, లేదా జ్వరం వస్తే, ఏ సమయమైనా సరే ఆపరేషనే. మూడోది, వాయిదాకు కారణం కేస్ షీటులో నా చేతిరాతతో ఉండాలి.

రాశాను. డ్రెస్సింగ్ పద్ధతి రాయడంలో జరిగిన లోపం వల్ల ఆరు రోజులు వెండి పనిచేయలేదని, ఆ లోపం నాదని, నర్సింగ్ సిబ్బంది రాసినట్టే చేశారని రాసి సంతకం, తేదీ, సమయం వేశాను.

ఇక మిగిలింది సత్తెమ్మకు చెప్పడం. ఆ పని తనే చూసుకుంటానని, డ్రెస్సింగ్ రకం మారుస్తున్నామంటే సరిపోతుందని శేషగిరి గారు అన్నారు. ఆయన దురుద్దేశంతో అనలేదు, రోగి కంగారుపడుతుందని అన్నారు. నేను ఒప్పుకోలేదు. కాలు ఆమెది.

ఆపరేషన్ కోసం రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉంచారు ఆమెను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నేనెవరో, ఏం పనిచేస్తానో చెప్పాను. ఆరు రోజులుగా వేసిన కట్టు మంచిదే కానీ వేసిన తీరు తప్పని, ఆ తీరు రాసింది నేనేనని చెప్పాను. ఆమె నా ముఖం వైపే చూస్తూ విన్నది. బస్సులో చిల్లర విషయంలో రోజూ పదిమంది చెప్పే కారణాలు వినే మనిషి. ఏది సాకో ఏది నిజమో ఆమెకు బాగా తెలుసు.

“గిప్పుడన్న సరిగ్గ ఏస్తరా?”

“వేస్తాం. నేనే పక్కనుండి చూస్తా.”

“కాలు ఉంటదా మరి?”

“చెప్పలేను సత్తెమ్మా. నాలుగు రోజుల్లో తెలుస్తుంది.”

“తెలిసినంక చెప్పున్రి మేడం. తెల్వకముందుగాల ఉత్తుత్త ధైర్యం చెప్పకున్రి. పదిహేను దినాల సంది అందరు గదే చెప్తున్నరు.”

ఆ మధ్యాహ్నం థియేటర్‌లో పుండు శుభ్రం చేశారు. సుజాత స్టెరైల్ వాటర్ సీసా తెరిచి, నాకు చూపించి, డ్రెస్సింగ్ తడిపింది. పుండు కడగడానికి వాడిన సెలైన్‌ను కూడా చివర్లో నీళ్లతో ఒకసారి కడిగేసింది. అది నేను చెప్పలేదు. విషయం అర్థమయ్యాక ఆమె చెయ్యి దానంతట అదే ఆ పని చేసింది. నేను కొత్తగా రాసిన పేజీని కూడా చదివి, దాన్ని తెలుగులో రాయమని, ‘సెలైన్ పోయరాదు’ అన్నది పెద్ద అక్షరాలతో మొదటి వరుసలోనే ఉండాలని చెప్పింది. రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చేవాళ్లు మొదటి వరుస ఒక్కటే చదువుతారట. ఆమె చెప్పినట్టే రాశాను.

ఆ నాలుగు రోజులూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మూడో అంతస్తుకు వెళ్లాను. అంతకుముందు పదకొండేళ్లలో ఆ వార్డుకు అన్నిసార్లు వెళ్లి ఉండను. గురువారం గీతకూ ఎరుపుకూ మధ్య తేడా కనపడలేదు. సాయంత్రం ఒంటి వేడి కొద్దిగా పెరిగింది. శేషగిరి గారు థియేటర్‌ను సిద్ధంగా ఉంచమన్నారు. నేను ఇంటికి వెళ్లాను కానీ ఫోను చేతిలోంచి పెట్టలేదు. ఫోను మోగలేదు. శుక్రవారం ఉదయానికి జ్వరం లేదు. ఎరుపు గీతకు వేలెడు కిందికి దిగింది. శనివారం డ్రెస్సింగ్ మార్చినప్పుడు ఆకుపచ్చ చీము లేదు, వాసన లేదు. ముక్క తీసి కల్చర్ పెట్టాను. ఆదివారం పళ్లెం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే ఉన్నాయి.

సత్తెమ్మకు ఆ సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను. కాలు తీయాల్సిన అవసరం ఇప్పటికి కనపడటం లేదని చెప్పాను. మంచి మాటే అయినా కొలిచే చెప్పాను, ఎందుకంటే అంతకంటే ఎక్కువ నాకు తెలియదు. ఆమె తలాడించి, తన కాల్లో ఉన్న పురుగును చూడొచ్చా అని అడిగింది. మర్నాడు వీల్‌చైర్‌లో ల్యాబ్‌కు తీసుకొచ్చారు. మూత మూసిన మొదటి పళ్లెం చూపించాను.

“మస్తు రంగుంది గదా,” అంది. “గిదేనా నన్ను పడగొట్టింది?”

మరో రెండు వారాలకు కల్చర్‌లో సూడోమోనాస్ రాలేదు. వెండి డ్రెస్సింగ్ ఆపేశాం. అది అవసరమున్నన్నాళ్లే వేయాలి, కొత్తగా పెరిగే కణాలకు కూడా కొంత ఇబ్బందే. క్రియాటినిన్ దిగింది. తొడ నుంచి చర్మం తీసి అతికించారు. పూర్తిగా మానడానికి దసరా దాటింది. రెండు వేళ్లు లేని పాదానికి ప్రత్యేకంగా కుట్టించిన బూటు వేసుకుని, మొదట కొన్నాళ్లు డిపోలో కూర్చునే పని చేసి, తర్వాత మళ్లీ బస్సెక్కింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే బస్సులో ఆమె చేతి నుంచి నేను రెండుసార్లు టికెట్ తీసుకున్నాను.

తర్వాతి కమిటీ సమావేశంలో ఈ కేసు మొత్తం చదివి వినిపించాను. ఒకరిద్దరు సభ్యులు లోపాన్ని ‘వార్డు స్థాయిలో అవగాహన లేకపోవడం’ అని మినిట్స్‌లో రాద్దామన్నారు. అలా రాస్తే నేను సంతకం పెట్టనన్నాను. లోపం పేజీలో ఉంది, పేజీ నాది. అలాగే నమోదైంది. నా పేరుకు వచ్చిన నష్టమేమీ లేదు. కంపెనీవాళ్ల ఎక్కువ వెండి ఉన్న రకాన్ని మేము కొనలేదు.

రిటైరయ్యేదాకా మిగిలిన సంవత్సరాల్లో మా విభాగంలో రెండు నియమాలు పెట్టాను. ఒక పదార్థం బ్యాక్టీరియాను చంపుతుందని రిపోర్టు రాస్తే, అది ఏ ద్రవంలో చంపిందో అదే వాక్యంలో ఉండాలి. వార్డుకోసం పద్ధతి రాస్తే, దాన్ని వాడబోయే నర్సు చదివి ఒప్పుకున్నాకే సంతకం పెట్టాలి. నా తర్వాత వచ్చినవాళ్లకు కూడా ఇదే చెప్పాను. ల్యాబ్‌లో మనకు మామూలైన విషయం ఇంకో గదిలో మామూలు కాకపోవచ్చు. అందుకని మొదటి డ్రెస్సింగ్ వేసేటప్పుడు రిపోర్టు రాసిన మనిషి మంచం పక్కన ఉండాలి. నేను ఉండలేదు. దానివల్ల ఒక మనిషి ఆరు రోజులు పనిచేయని మందు కాలికి కట్టుకుని పడుకుంది.